రామప్ప దారిలో ఆరు గదులు: ఎవరు ఆగుతారు, ఎందుకు ఆగుతారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హన్మకొండ–ములుగు రోడ్డు పక్కన ఆరు గదుల ఇల్లు, చేతిలో పన్నెండు లక్షలు, ఏడు సీట్ల బండి ఒకటి. జనం ఇప్పుడు బాగా తిరుగుతున్నారు కాబట్టి ఇంటిని హోమ్‌స్టే చేయాలా, టెంపో ట్రావెలర్ కొనాలా, లక్నవరం దిక్కు జాగ తీసుకుని కాటేజీలు వేయాలా?

మూడోది ముందే పక్కన పెట్టేయండి. గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం ఏజెన్సీ మండలాలు. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు. నోటరీ కాగితం మీద అమ్ముతామనే వాళ్లు మాత్రం ప్రతి ఊళ్లో దొరుకుతారు. దానికి రిజిస్ట్రేషన్ ఉండదు, బ్యాంకు లోను రాదు, ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజు మీరు కట్టింది మీది కాకుండా పోతుంది. పోనీ రామప్ప పక్కన కడదామంటే, రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే పని. మీ ఇల్లు రోడ్డు మీద ఉంది, కాగితాలు మీ పేరు మీద ఉన్నాయి. ఈ ప్రాంతంలో అదే పెద్ద ఆస్తి.

ఇక జనం సంగతి. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక ఈ రోడ్డు మీద కార్లు పెరిగాయి. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు వరంగల్, రామప్ప వచ్చి వెళ్లాక ఫోటోలూ పెరిగాయి. ఫోటో చూసి వచ్చినవాడు ఫోటో తీసుకుని పోతాడు. మీకు కావాల్సింది రాత్రి పడుకునేవాడు. వాడు ఎందుకు పడుకోవడం లేదో తెలిస్తే సగం వ్యాపారం తెలిసినట్టే.

హైదరాబాద్ కారు ఒకటి తీసుకోండి. పొద్దున ఆరింటికి బయలుదేరి తొమ్మిదికి హన్మకొండ, అక్కడ టిఫిను. వేయిస్తంభాల గుడి చూసుకుని పదకొండున్నరకు రామప్ప. ఒంటిగంటన్నరకు లక్నవరం, వేలాడే వంతెన మీద నాలుగు ఫోటోలు, భోజనం. నాలుగింటికి వెనక్కి తిరిగితే తొమ్మిదిన్నరకు ఇంట్లో ఉంటారు. ఈ మొత్తం ప్రయాణంలో స్థానికులకు దక్కేది ఒక టిఫిను, ఒక భోజనం, రెండు చాయ్‌లు. ఇప్పటి ప్రయాణాల తీరు ఇదే: సొంత కారు, ఒక్క రోజు, ముందస్తు ప్లాను లేదు, రోడ్డు బాగుంటే ఎంత దూరమైనా వెళ్లి రాత్రికి ఇంటికి చేరాలన్న పట్టుదల. రోడ్డు ఎంత బాగుపడితే గది అంత తక్కువగా అమ్ముడుపోతుంది. దీన్ని చాలామంది లాడ్జీలవాళ్లు తిరగేసి అర్థం చేసుకున్నారు.

ఈ లెక్కను చెడగొట్టేది బొగత. వాజేడు మండలం చీకుపల్లి దగ్గరి ఈ జలపాతం హైదరాబాద్ నుంచి సుమారు 280 కి.మీ. రానూపోనూ ఒక్క రోజులో అంటే కారు నడిపేవాడికి నడుము మిగలదు. ములుగు నుంచైతే ఏటూరునాగారం మీదుగా, ముల్లకట్ట వంతెన దాటి, 85–90 కి.మీ. అంటే రామప్ప, లక్నవరం మొదటి రోజు, బొగత రెండో రోజు, మధ్యలో మీ గది. వానాకాలమంతా మీ గదిని అమ్మిపెట్టేది రామప్ప కాదు, బొగతే. ఫోన్ చేసినవాళ్లకు గది రేటు చెప్పే ముందు ఈ రెండు రోజుల ప్లాను చెప్పండి. రేటు తర్వాత వాళ్లే అడుగుతారు.

రెండో దారి శుక్రవారం రాత్రి. సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరి పదింటికి చేరేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. వాళ్లకు కావాల్సింది వేడినీళ్లు, పదిన్నరకైనా దొరికే అన్నం పప్పు, పొద్దున ఏడింటికి రామప్ప. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఎర్ర ఇసుకరాయి గోడల ముందు నల్లరాతి మదనికల బొమ్మలు ఎలా మెరుస్తాయో, పదకొండింటికి బస్సులు దిగాక వచ్చేవాళ్లకు కనబడదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని చెప్పే బోర్డు అక్కడే ఉంటుంది. పొద్దున ఏడింటికి వెళితే ఏం కనబడుతుందో చెప్పే మనిషి ఉండడు. ఆ మాట మీరు వాట్సాప్‌లో రెండు ఫోటోలతో పంపండి, ఒకటి ఏడింటిది, ఒకటి పదకొండింటిది.

బుకింగులు ఎప్పుడొస్తాయంటే గురువారం రాత్రి, శుక్రవారం మధ్యాహ్నం. వాతావరణం చూసుకుని అప్పటికప్పుడు ఖాయం చేస్తున్నారు. దీనివల్ల మీరు చేయాల్సినవి రెండు. ఆ రెండు పూటలూ ఫోన్ మొదటి రింగుల్లోనే ఎత్తాలి, ఎందుకంటే వాళ్లు ఒకేసారి నలుగురికి మెసేజ్ పెడతారు, ముందు జవాబిచ్చినవాడికే అడ్వాన్స్ పడుతుంది. రెండు, గది ధరలో 30 శాతం యూపీఐలో పడనిదే గది ఆపొద్దు. వాన వల్ల రానంటే డబ్బు వెనక్కి కాకుండా మూడు నెలల్లోపు మరో తేదీకి మార్చుకోమనండి. ఈ షరతు అడ్వాన్స్ తీసుకునే ముందే రాతపూర్వకంగా వెళ్లాలి. తర్వాత చెబితే గొడవ, గొడవ తర్వాత గూగుల్‌లో ఒక్క చుక్క రేటింగ్.

గదుల ఏర్పాటు దగ్గర ఎక్కువమంది తప్పు చేస్తారు. ఆరు గదుల్లో ఆరు డబుల్ మంచాలు వేస్తారు. ఈ రోడ్డు మీద జంటలు తక్కువ, ఎనిమిది పదిమంది చుట్టాలు రెండు కార్లలో రావడం ఎక్కువ. అవ్వ, తాత, పిల్లలు అందరూ ఉంటారు. రెండు గదుల్లో నాలుగేసి పడకలు, మిగతా నాలుగింటిలో డబుల్ మంచం, ఒక అదనపు పరుపు పెట్టండి. కింది అంతస్తులో ఒక గదికి మెట్లు లేకుండా, బాత్రూంలో పట్టుకునే కడ్డీతో ఉండాలి. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దమనిషికి వీలు లేకపోతే గుంపు మొత్తం ఇంకో చోటికి పోతుంది.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది బాత్రూంల మీద. ఆరింటికి నాలుగు, నాలుగున్నర లక్షలు పోయినా పరవాలేదు. నేలకు అడుగుకు పావు అంగుళం వాలు ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి పోయే గుంట) వైపు ఉండాలి. మేస్త్రీ ‘సరిపోద్ది’ అంటే నమ్మకుండా బకెట్ నీళ్లు గుమ్మరించి, పది నిమిషాల తర్వాత ఎక్కడైనా నిలిచాయేమో మీరే చూడండి. ఇంకో చిన్న విషయం, వారాంతపు వ్యాపారంలోనే వచ్చేది: సోమవారం నుంచి గురువారం దాకా గది ఖాళీగా ఉంటే ఫ్లోర్ ట్రాప్‌లో ఉండాల్సిన నీళ్లు ఎండిపోతాయి, పైపులోని కంపు గదిలోకి వస్తుంది. శుక్రవారం రాత్రి వచ్చినవాళ్లు బాత్రూం కడగలేదనే అనుకుంటారు. ఫినాయిల్‌తో అది పోదు. రెండు రోజులకోసారి ప్రతి ట్రాప్‌లో, కమోడ్‌లో, సింకులో ఒక్కో చెంబు నీళ్లు పోస్తే చాలు.

దుప్పట్లు, దిండు గలీబులు పడకకు మూడు జతలు: ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. వానాకాలంలో ఉతికినవి రెండు రోజులైనా ఆరవు, అందుకే రెండు జతలతో నడవదు. నీళ్లు మనిషికి రోజుకు 130 లీటర్ల లెక్కన, ఇల్లు నిండిన రోజు 20 మందికి సుమారు 2,600 లీటర్లు. పై ట్యాంకు 3,000 లీటర్లకు తగ్గకుండా పెట్టుకోండి. ఏసీ ముందు మూడు గదులకు చాలు. మూడు లక్షలు మాత్రం ముట్టుకోకండి, ఎందుకో కింద వస్తుంది.

ఇప్పుడు గది లెక్క. రూ. 2,000 గదిని బుకింగ్ యాప్‌లో పెట్టారనుకోండి. కమీషన్ సాధారణంగా 15 నుంచి 25 శాతం. 20 అనుకుంటే రూ. 400, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 72. మీకు చేరేది 1,528. అందులో ఇద్దరి టిఫిను చాయ్ 160, ఉతుకు 80, కరెంటు 100, శుభ్రం చేసే మనిషి వాటా 100 పోతే మిగిలేది 1,090 దాకా. అదే నేరుగా ఫోన్ మీద వస్తే రూ. 1,800కి ఇచ్చినా మిగిలేది 1,360. అందుకని యాప్‌ను మానేయమని కాదు. కొత్తవాళ్లకు కనబడేది అక్కడే. మొదటి ఏడాది ఆరింటిలో రెండు గదులే యాప్‌లో పెట్టి, మిగతావి నేరుగా అమ్ముకోండి. వచ్చినవాళ్ల నంబరు దాచుకోండి, రెండోసారి వాళ్లు యాప్‌లో వెతక్కూడదు.

జీఎస్టీలో 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు రూ. 7,500 లోపు గదికి 5 శాతమే, కానీ మీరు కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి తీసుకోలేరు. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ల గదులు యాప్‌లో అమ్ముడైతే ఆ పన్ను యాప్ సంస్థే కట్టాలి. ‘యాప్‌లో పెట్టాలంటే జీఎస్టీ నంబరు తప్పనిసరి’ అని భయపెట్టే ఏజెంట్లకు ఫీజు ఇచ్చే ముందు ఒక ఆడిటర్‌ను అడగండి.

హోమ్‌స్టేనా లాడ్జీనా అనేది బోర్డు మీద రాసుకునే మాట కాదు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా, 12 పడకల వరకు ఒప్పుకుంటారు, ఇంటి యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. మీ ఆరు గదులూ అద్దెకిచ్చి మీరు హన్మకొండలో ఉంటే అది లాడ్జీ. ట్రేడ్ లైసెన్సు, ఫైర్, కరెంటు కనెక్షన్ కేటగిరీ అన్నీ అందుకు తగ్గట్టు మారతాయి. పడకల లెక్క కూడా ఇక్కడ అడ్డం వస్తుంది: పైన చెప్పిన రెండు నాలుగు పడకల గదులు, నాలుగు డబుల్ గదులు కలిపితే 16 పడకలు. పథకం కావాలంటే ఒక గదిలో మీరే ఉండి, పడకలు 12కు కుదించుకోండి. లోనుకు వెళ్లేట్టయితే 2025 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నారు, బ్యాంకులో ఆ మాట ఎత్తండి. ఏ పేరుతో నడిపినా విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. యునెస్కో పేరు విని వచ్చేవాళ్లు ఏడాదికి పదిమందే కావచ్చు, ఆ పదిమంది దగ్గరే మర్చిపోతారు.

గూగుల్ మ్యాప్ మీద అరపూట కూర్చోండి. పిన్ను మీ గేటు మీద ఉండాలి, సర్వే నంబరు మధ్యలో పొలంలో కాదు. నాలుగు ఫోటోలు తప్పనిసరి: రోడ్డు మీదినుంచి గేటు, కారు పెట్టే చోటు, మంచం, బాత్రూం. గుడి ఫోటో పెట్టొద్దు, అది అందరి దగ్గరా ఉంది. ఆడవాళ్లు బుక్ చేసే ముందు చూసేది బాత్రూం ఫోటోనే. ములుగు దాటాక అడవిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, బొగత వెళ్లేవాళ్లకు ముందు రాత్రే మీ వైఫై మీద మ్యాప్ డౌన్‌లోడ్ చేయించండి. రివ్యూ కోసం డిస్కౌంట్ ఆశ చూపొద్దు, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. టిఫిను బల్ల దగ్గర అడిగితే రాస్తారు.

ఈమధ్య మారిన ఇంకో సంగతి ఎలక్ట్రిక్ కారు. హైదరాబాద్ నుంచి రామప్ప వెళ్లి రావడానికి 420 కి.మీ. పైనే. మామూలు బ్యాటరీ కారుకు మధ్యలో ఒకసారి నింపక తప్పదు. ఆ కారు యజమాని గది వెతకడు, ప్లగ్గు వెతుకుతాడు. కారు పెట్టే చోట 16 ఆంపియర్ సాకెట్ ఒకటి, దానికి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ ఎంసీబీ చాలు. రాత్రి తొమ్మిది గంటల్లో 3.3 కిలోవాట్ల లెక్కన దాదాపు 30 యూనిట్లు ఎక్కుతుంది. తేడా వచ్చేది ఎర్తింగ్ దగ్గర. ఎర్త్ సరిగా లేకపోతే కారుతో వచ్చే చార్జర్ ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది, మీ సాకెట్‌లో బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇద్దరూ ఒకరి తప్పు ఒకరిదని రాత్రి పదకొండింటికి వాదించుకుంటారు. విడిగా ఎర్త్ పిట్ తీయించి, ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు చార్జింగ్ అసలు పెట్టనివ్వద్దు, ప్లగ్గు కరిగిపోతుంది.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు వల్ల పుట్టిన ప్రయాణికులు పూర్తిగా వేరే రకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో పది పదిహేనుమంది ఆడవాళ్లు కలిసి వేములవాడ, కొమురవెల్లి, మేడారం తిరుగుతున్నారు. వీళ్లు గది తీసుకోరు. కానీ మీ ఇంటి ముందే బస్సు దిగుతారు. వీళ్లకు కావాల్సింది శుభ్రమైన టాయిలెట్, నీడ, రూ. 100–120లో కడుపునిండా భోజనం, బస్సు వెళ్లని చివరి పది కిలోమీటర్లకు నమ్మకమైన ఆటో. ఇంటి ముందు షెడ్డు వేసి జొన్నరొట్టె, పచ్చిపులుసు, పప్పు, ఒక కూర పెడితే వారం మధ్యలో వచ్చే ఆదాయం ఇదే. సర్వపిండి వేడిగా పెట్టండి, హైదరాబాద్‌వాళ్లూ ఆగుతారు. వంటకు ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మరవొద్దు.

ఏడాది ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉండాలి. జూన్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా జలపాతాలు. బతుకమ్మ, దసరాకు ఊరికొచ్చినవాళ్లు. కార్తీకంలో సోమవారాలు, వనభోజనాలు. నవంబర్, డిసెంబర్, జనవరి బడి పిల్లల బస్సులు, అమెరికా నుంచి వచ్చిన కుటుంబాలు. శివరాత్రితో సగం అయిపోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో 43 డిగ్రీల ఎండలో ఎవరూ రాతి గుడి చూడటానికి రారు. ఆ రెండు నెలలు పెళ్లిళ్లకు వచ్చే చుట్టాలకు గదులు ఇవ్వండి, లేదా మూసి సున్నం వేయించుకోండి. ముట్టుకోవద్దన్న మూడు లక్షలు ఈ రెండు వేసవి నెలల కోసమే. అప్పుడు జీతం ఆపితే జూన్‌లో వంటమనిషి ఉండదు.

మేడారం గురించి మీరు విడిగా అడిగారు. 2026లో జాతర జనవరి 28 నుంచి 31, తర్వాతిది 2028లో. ఆ నాలుగు రోజులు గదులు ఎలాగూ నిండుతాయి, రేటు మూడింతలు చేయాల్సిన పని లేదు. దారులు వన్‌వే అవుతాయి, గ్యాసు సిలిండర్ బండి రాదు, పనివాళ్లు కూడా తల్లుల దగ్గరికే పోతారు. బియ్యం, గ్యాసు, తాగునీరు వారం ముందే దించుకోవాలి. కానీ 730 రోజుల్లో నాలుగు రోజులను చూసి ఇల్లు కట్టకూడదు. 2027 గోదావరి పుష్కరాలూ అంతే, పన్నెండు రోజులు. కాళేశ్వరం, ధర్మపురి దిక్కు జనం పోటెత్తుతారు, మీ రోడ్డుకు వచ్చేది అందులో ఒక పాయ. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. విమానం దిగేదాకా దాన్ని లెక్కలో రాయొద్దు.

వాన మీ సీజను, వానే మీ ప్రమాదం. 2023 జులైలో వెంకటాపురం దిక్కున ముత్యంధార జలపాతానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చే దారిలో వాగు పొంగి అడవిలో రాత్రంతా చిక్కుకుపోయారు, ఎన్‌డీఆర్‌ఎఫ్ దిగి బయటికి తెచ్చింది. పొద్దున వెళ్లేటప్పుడు మోకాలి లోతున్న వాగు పైన వాన పడితే సాయంత్రానికి మనిషి లోతవుతుంది, అక్కడ చుక్క పడకపోయినా సరే. ఆత్మకూరు దగ్గర కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకి ఈ హైవే మీదే రాకపోకలు ఆగిన సందర్భాలున్నాయి. కాబట్టి జులై, ఆగస్టుల్లో పొద్దున ఆరింటికే అటవీ శాఖ చెక్‌పోస్టుకో ఏటూరునాగారంలో తెలిసినవాళ్లకో ఫోన్ చేసి, బొగతలో దిగనిస్తున్నారా లేదా కనుక్కుని గోడ మీది పలకపై సుద్దతో రాయండి. మూసేసిన రోజు నిజం చెప్పి పంపిస్తే వాళ్లు రామప్ప చెరువు కట్ట మీద రెండు గంటలు గడిపి మళ్లీ వస్తారు. దాచిపెట్టి 170 కి.మీ. తిప్పితే రారు.

టెంపో కొనకండి. ఇక్కడికి వచ్చే కుటుంబాలకు బండి ఉంది, లేనిది పడక. ఉన్న బండికి ముందు పసుపు ప్లేటు చేయించండి. తెల్ల ప్లేటుతో కిరాయికి తిప్పి ప్రమాదమైతే బీమా సంస్థ చేతులెత్తేస్తుంది. దాన్ని వరంగల్, కాజీపేట స్టేషన్లలో రైలు దిగేవాళ్లకు వాడండి. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ వరంగల్‌లో, నాగపూర్‌ది కాజీపేటలో ఆగుతుంది. హన్మకొండ–రామప్ప–లక్నవరం తిరిగి హన్మకొండ సుమారు 190 కి.మీ., 13 మైలేజీతో 15 లీటర్ల డీజిల్ లోపే. డీజిల్, డ్రైవర్ బత్తా, బండి అరుగుదల కలిపి మూడు వేలకు పైనే పడుతుంది కాబట్టి 4,500కు తక్కువ ఒప్పుకోకండి. పెద్ద గుంపు వస్తే టెంపో అద్దెకు తెచ్చి వెయ్యి వేసుకోండి.

చివరిగా కిరాయి బళ్ల డ్రైవర్లు. కొత్త కుటుంబాన్ని ఎక్కడ ఆపాలో చాలాసార్లు నిర్ణయించేది వాళ్లే. రాత్రంతా సీటు వాల్చుకుని దోమల్లో పడుకున్న డ్రైవర్ మళ్లీ మీ గేటు ముందు బ్రేకు వేయడు. ఒక చిన్న గదిలో రెండు మంచాలు, ఫ్యాను, విడిగా స్నానాల గది, రాత్రి అన్నం, డబ్బులు తీసుకోకుండా. కమీషన్ ఇవ్వడం కన్నా ఇది చవక. బోర్డు మీద ఇంటి పేరు చిన్నగా, కింద మూడు ముక్కలు పెద్దగా రాయించండి: గదులు, భోజనం, డ్రైవర్‌కు పడక. రెండు వైపులా, రోడ్డుకు అడ్డంగా, కనీసం 150 మీటర్ల దూరం నుంచి రాత్రి కూడా కనబడేలా. రోడ్డుకు సమాంతరంగా గోడ మీద పెట్టిన బోర్డును 80 మీద వచ్చేవాడు దాటిపోయాకే చదువుతాడు.